మేట తీసిన పొలం, తీయని పొలం

మాది కోదాడ పక్కన ఊరు. జిల్లాలు మారాక సూర్యాపేట జిల్లా అయింది గాని మా నోటికి ఇంకా నల్గొండే వస్తుంది. నాకు సొంతం రెండెకరాల పది గుంటలు, వాగు వంపులో. ఇంకో మూడెకరాలు కౌలుకు చేస్తాను. అది అవతలి ఒడ్డున, కొంచెం మెరక. దాని యజమాని హైదరాబాదులో ఉంటాడు. 2024 వానకాలంలో రెండు చోట్లా వరే వేశాను. ఆగస్టు 31 నాటికి సొంత పొలంలో నాటేసి ఇరవై ఆరు రోజులు, కౌలు పొలంలో పద్దెనిమిది రోజులు.

ఆ శనివారం పట్టిన వాన ఆదివారం తెల్లారినా తెరిపి ఇవ్వలేదు. రేకుల మీద మోతకు ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినపడలేదు. అర్ధరాత్రి దాటాక ఆ మోత కింద ఇంకో మోత మొదలైంది, వాగుది. పొద్దున గొడుగు వేసుకుని పోతే నా పొలం ఎక్కడుందో తెలియలేదు. గట్టు మీది తుమ్మచెట్టు కొసలు చూసి, అది అక్కడుంటే మన మడి ఇక్కడ అని అంచనా వేసుకోవడమే. అదే రోజు నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడిందని ఫోన్లో వీడియోలు వచ్చాయి. అంటే పైనుంచి వరద, తర్వాత కాలువ నీళ్లు కూడా బంద్. ఒకే రోజు నీళ్లు ఎక్కువై, మర్నాటి నుంచి నీళ్లు లేకుండా పోవడం మా వాళ్లకు కొత్త.

నీళ్లు తీశాక సొంత పొలంలో దిగితే కాలు బురదలోకి పోవాల్సింది పోయి ఇసుకలో నిలబడింది. వాగు మడుల మీద ఇసుక మేట వేసి పోయింది. అక్కడక్కడ వరి ఆకు కొసలు సూదుల్లా పైకి కనపడుతున్నాయి. ఒకదాన్ని పట్టుకుని చేత్తో చుట్టూ తవ్వుకుంటూ పోతే దుబ్బు మొదలు అందేసరికి మోచేతి దాకా దిగింది చెయ్యి. మొక్క ఇంకా పచ్చగానే ఉంది. ఎందుకో దాన్ని పీకబుద్ధి కాలేదు, మళ్లీ ఇసుక కప్పి వచ్చాను.

కౌలు పొలంలో ఇసుక లేదు, ఒండ్రు మాత్రమే. గట్లు రెండు చోట్ల తెగి, సగానికి పైగా నాటు కొట్టుకుపోయింది. వెంటనే ఒండ్రు చదును చేసి నారు దొరకబుచ్చుకుంటే పంట చేతికొచ్చే పొలం అది.

ఎకరాకు పది వేలు పరిహారం ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. మన రాష్ట్రం 2020లోనే కేంద్రం పంట బీమా పథకం ఫసల్ బీమా నుంచి బయటికొచ్చింది కాబట్టి అప్పటికి బీమా అనే మాటే లేదు, ఇదొక్కటే దారి. రూలు ఏమిటంటే పంట 33 శాతం, లేదా అంతకు మించి పోయి ఉండాలి. ఏఈఓ, అంటే వ్యవసాయ విస్తరణ అధికారి, పొలానికి వచ్చి చూసి రాసుకోవాలి. మా మేనమామ అనుభవం ఉన్న మనిషి. "ఒరే, వాళ్లు వచ్చి చూసేదాకా మడిలో చెయ్యి పెట్టకు. బాగు చేసినవనుకో, నీకేం పోయిందయ్యా అంటరు" అన్నాడు.

ఇక్కడే నా తలనొప్పి మొదలైంది. వరద పోయిన పొలాన్ని చూస్తూ చేతులు కట్టుకుని కూర్చోవడం రైతుకు చాతకాదు. కాని బాగు చేసుకుంటే సాక్ష్యం పోతుంది. సొంత పొలం సంగతి తేలిగ్గానే తేలింది, జేసీబీ లేకుండా ఆ ఇసుకను ఎట్లాగూ తీయలేను. కౌలు పొలం దగ్గర రెండు రోజులు నలిగాను. రోజు గడిచేకొద్దీ నాటుకు అదను దాటిపోతుంది. పోనీ ఆగుదామా అంటే, పాసుబుక్కు ఎవరి పేరున ఉంటే డబ్బు వాళ్ల ఖాతాకే పోతుందన్నది ఊళ్లో అందరికీ తెలిసిందే. కౌలు రైతులకు కార్డులు ఇవ్వాలని 2011లోనే చట్టం వచ్చింది గాని, మా ఊళ్లో ఆ కార్డు ఉన్న మనిషిని నేను చూడలేదు. నేను ఆగితే పంట నాది పోతుంది, పరిహారం ఆయనకు పోతుంది. ఇంకెందుకు ఆగాలి?

మూడో రోజు మునగాల వైపు మా తోడల్లుడి ఊరికి ట్రాక్టరు తీసుకుపోయాను. వాళ్లకు నాటు వేయగా మిగిలిన తెలంగాణ సోనా నారు ఉంది. ఊరకే ఇస్తామన్నారు గాని పీకిన కూలీ నేనే ఇచ్చాను. సన్నరకమైతే ఆ సీజన్ నుంచి క్వింటాలుకు 500 బోనస్ ఉంది కదా అన్న ఆశ కూడా లేకపోలేదు. కూలీలు దొరకక మా ఆవిడ, నేను, వదిన, ఇద్దరు పిల్లలు కలిసి నాలుగు రోజులు నాటాం. పిల్లలకు బడి సెలవులు కలిసొచ్చాయి అనాలో ఏమో.

పదకొండో రోజు ఏఈఓ వచ్చింది. చిన్న పిల్ల, మా పెద్దమ్మాయి కంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, చెప్పులు చేత పట్టుకుని నడుస్తోంది. అప్పటికి పొద్దున్నుంచి ఎన్ని పొలాలు తిరిగిందో, కాళ్లకు ఒండ్రు ఎండి చారలు కట్టింది. పాసుబుక్కు, ఆధార్, బ్యాంకు పుస్తకం జిరాక్సులు తీసుకుంది. నన్ను మడి మధ్యలో నిలబెట్టి ఫోటో తీస్తే సిగ్నల్ రాక ఎక్కలేదు. గట్టెక్కి, చెట్టు కిందికి పోయి, మళ్లీ మడిలోకి దిగి, నాలుగోసారికి ఎక్కింది.

పై మడి దగ్గర మాత్రం పేచీ పడింది. అక్కడ ఇసుక పలుచన, దుబ్బులు మళ్లీ ఆకు తీశాయి.

"ఇది తేరుకుంటది బాబాయ్. ఇరవై గుంటలు తీసేస్తున్నా."

"తేరుకోవడానికి నీళ్లేవి మేడం? కాలువ ఎండిపోయె."

"నీళ్లు లేవన్నది రాసే గడి దీంట్లో లేదు."

చివరికి ఎకరం ముప్పై గుంటలు రాసుకుంది. ఆ పూట కోపం వచ్చింది గాని, కళ్లకు కనపడిందే రాసింది ఆమె. ఆ పై మడి నిజంగానే తేరుకుంది కూడా. రాష్ట్రం మొత్తం మీద మొదటి అంచనా నాలుగు లక్షల ఎకరాల పైచిలుకు అని పేపర్లో చదివాం. పొలం పొలం తిరిగి చూశాక తేలింది 79 వేల ఎకరాల పైచిలుకు. తగ్గినదాంట్లో నిజంగా తేరుకున్న మడులెన్నో, నాలాగా ఆగలేక నాటేసుకున్న మడులెన్నో అని ఆ పేపరు చూసినప్పుడల్లా అనుకునేవాణ్ణి.

కౌలు పొలం దగ్గరికీ తీసుకుపోయాను. కొత్త నాటు నిలదొక్కుకుని పచ్చగా ఉంది. తెగిన గట్లు, నా ఫోన్లో పాత ఫోటోలు చూపించాను. ఆమె అన్నీ ఓపిగ్గా చూసింది. "మంచిగ నాటిన్రు బాబాయ్" అని మాత్రం అని టాబ్ మూసేసింది.

ఆ రాత్రే హైదరాబాదు నుంచి ఫోన్. ఎవరు చేరవేశారో తెలియదు.

"సర్వే రాకముందే నాటేసినవంట గదా? మూడెకరాలకు ముప్పై వేలు పోయినయి."

"ఎవరికి పోయినయి అన్నా?" అన్నాను.

అటు కొంచెంసేపు మాట లేదు. తర్వాత వాన ఇంకా ఉందా అని అడిగి పెట్టేశాడు.

జాబితా పంచాయతీ దగ్గర పెట్టారు. నా పేరు ఉంది. అక్టోబరులో ఊళ్లో వాళ్ల ఫోన్లు ఒక్కొక్కటే మోగాయి, నాది మోగలేదు. వెళ్లి అడిగితే ఖాతా వివరాలు తప్పు అన్నారు. మా బ్యాంకు ఇంకో బ్యాంకులో కలిసిపోయాక కోడ్ మారింది, నేనిచ్చిన జిరాక్సు పాత పుస్తకానిది. కొత్త పుస్తకం కోసం ఒక రోజు, ఆ కాగితం మండలంలో ఇవ్వడానికి రెండు రోజులు, ఆ పని చూసే మనిషి సెలవులో ఉంటే ఇంకో రోజు. ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒకటే, వరదలో ముందు పాసుబుక్కు కాదు, బ్యాంకు పుస్తకం కొత్తదో పాతదో చూసుకోండి. దీపావళి పోయాక పదిహేడు వేల ఐదు వందలు పడ్డాయి.

డిసెంబరులో కౌలు పొలం కోశాను. మూడెకరాలకు నలభై ఎనిమిది క్వింటాళ్లు. మామూలుగా అయితే డెబ్బై దాటాలి. కొనుగోలు కేంద్రంలో తేమ పదిహేడు లోపల రావడానికి ఐదు రోజులు ఎండబోశాను. ఆ ఏడు ఏ గ్రేడ్ మద్దతు ధర 2,320, పైన బోనస్ 500.

సొంత పొలంలో పై మడి ఒక్కటే కోతకొచ్చింది. మిగతాది సీజనంతా ఇసుక కిందే ఉంది. సంక్రాంతికి ముందు జేసీబీ పెట్టించాను, గంటకు పదమూడు వందలు, పదకొండు గంటలు పట్టింది. తీసిన ఇసుకను మా మేనమామ ఇంటి బేస్‌మెంట్ నింపుకోవడానికి తోలుకుపోయాడు. "చూసినవా, ఆగమన్నందుకు నాకూ గిట్టింది" అని నవ్వాడు.

పండక్కి యజమాని ఊరికొచ్చాడు. పొలం అంతా తిరిగి చూసి, గట్లు బాగా వేశావని మెచ్చుకున్నాడు. కౌలు డబ్బు చేతికిస్తూ, వచ్చే వానకాలానికి ముందు ఒక కాగితం రాసుకుందాం అన్నా, ఇట్లాంటిది మళ్లీ వస్తే రాయించుకోవడానికి ఉంటది అన్నాను. కాగితం అనగానే ఆయన మొహం మారింది. "మనలో మనకు కాగితాలెందుకు, చూద్దాంలే" అన్నాడు. ఎకరాకు పదిహేను వేల కౌలులో రెండు వేలు తగ్గించి, మిగతాది రెండుసార్లు లెక్కపెట్టుకుని జేబులో పెట్టుకున్నాడు.