కారు నెత్తిన మూట, అలిపిరిలో తనిఖీ

చిత్తూరు నుంచి తిరుపతి దాకా చెప్పడానికేమీ లేదు. పూతలపట్టు, చంద్రగిరి అలా వెళ్లిపోయాయి. ప్రయాణమంతా తిరుమల కొండ కింద అలిపిరి తనిఖీ కేంద్రం దగ్గరే ఆగింది.

మా ముందున్న కారువాళ్లు పిల్లోడి పుట్టెంట్రుకలకు వచ్చినట్టున్నారు. నెత్తిన ఇనప క్యారియరు, దాని మీద సూట్‌కేసులు, పరుపుచుట్ట, ఇత్తడి గుండిగ, పైన నీలం పట్ట. నైలాన్ తాడు అడ్డంగా, నిలువుగా చుట్టి ఎక్కడ పడితే అక్కడ ముడేశారు. "పైన మూట కూడా దించల్లనా" అన్నాడు సిబ్బందిలో ఒకతను. లోపలి సామానైనా, పైనున్నదైనా స్కానింగులో పోవాల్సిందే. ఆ తనిఖీ ఉండాల్సిందే, నా కోపం దాని మీద కాదు. ముడి రాలేదు. చివరికి తాడు కోశారు. మళ్లీ కట్టడానికి తాడు లేదు, వెనక హారన్లు, చంటిబిడ్డ ఏడుపు. కొత్త తాడు కొనబోతే ఊళ్లో ధరకు రెట్టింపు చెప్పారు.

కొండకు పోయే కారు మీద సామాను విప్పడానికి వీలుగా కట్టాలి. తాడు బదులు బకిలున్న బెల్టులు వాడితే నొక్కగానే వదులుతాయి, లాగగానే బిగుస్తాయి. బెల్టుకు ఒక మెలిక వేస్తే గాలికి రొద చెయ్యదు. మిగిలిన కొస వేలాడకుండా దోపెయ్యాలి. రబ్బరు హుక్కుల తాడు పట్టను అణచడానికే పనికొస్తుంది, బరువు ఆపదు. పట్ట ముందు అంచు సామాను కిందికి మడిచి పెట్టాలి. లేకుంటే గాలి దూరి గొడుగులా లేస్తుంది, బెల్టులు వదులవుతాయి. తనిఖీకి ఒకటి రెండు పెద్ద సంచులైతే దించడం తేలిక. పది చిన్న మూటలైతే గంట పని.

అసలు ఆ బరువు పైన ఉండొచ్చా అనేది ముందు చూసుకోవాల్సిన సంగతి. కారుతో ఇచ్చిన పుస్తకంలో పైకప్పు మొయ్యగల బరువు రాసి ఉంటుంది. 50 కిలోలు అని ఉంటే అందులో క్యారియరు బరువు కూడా కలిసినట్టే. ఇనప క్యారియరు 15 కిలోలు తూగితే మిగిలింది 35, అంటే నిండిన సూట్‌కేసులు రెండు. గుండిగలాంటి బరువులు డిక్కీలో అడుగున పెట్టి, పరుపులు, బట్టల సంచులు పైకి ఎక్కించాలి. వానొస్తే పరుపు నీళ్లు పీల్చి ఇంకా బరువెక్కుతుంది, కాబట్టి దాన్ని ముందు ప్లాస్టిక్ సంచిలో చుట్టాలి. కొన్ని కార్ల పైకప్పు అంచుల వెంట పొడవునా కనిపించే కమ్మీలు (రెయిళ్లు) అందానికి అతికించినవే. వాటికి క్యారియరు బిగిస్తే ఊడొస్తాయి.

క్యారియరు బిగించే ముందు పైకప్పు తడిగుడ్డతో తుడవాలి. క్యారియరు కాళ్లకుండే రబ్బరు కింద ఇసుక రేణువు మిగిలినా రంగు గీసుకుపోతుంది. రెండు అడ్డకమ్మీల మధ్య దూరం కంపెనీ చెప్పినంత ఉండాలి, చాలా వాటికి అది 70 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. ఒక పక్క పూర్తిగా బిగించి రెండో పక్కకు పోతే కమ్మీ వంకర కూర్చుంటుంది, అందుకే నాలుగు కాళ్లూ కొంచెం కొంచెంగా, మార్చి మార్చి బిగించాలి. మరలు తిప్పే ఆరుపలకల ఎలన్ కీకి గొట్టం తగిలించి బలం పెడితే మరలు పోతాయి, పైకప్పు అంచు నొక్కుకుపోతుంది. బిగించాక కమ్మీ పట్టుకుని ఊపితే కారు కదలాలి, కమ్మీ కదలకూడదు. యాభై కిలోమీటర్లు పోయాక రబ్బరు సర్దుకుని పట్టు వదులవుతుంది. అందుకే చిత్తూరులో బిగించింది అలిపిరిలో మళ్లీ చూడాలి. మూటలు దించిన ఆ కాస్సేపూ దానికి సరిపోతుంది.

ఘాట్‌లో పైబరువు తెలిసొస్తుంది. మలుపులో కారు బయటి పక్కకు ఒరుగుతుంది, వేగం తగ్గించడమే మందు. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు పట్టాలన్న నియమం ఉంది. నెత్తిన మూటలున్నవాళ్లు ఇంకా నిదానంగా పోతే మంచిది. దిగేది 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు, మలుపులు బిగుతు. రెండో గేర్లో దిగాలి. బ్రేకు మీదే కాలుంచితే అది వేడెక్కి పట్టు తగ్గుతుంది, పైగా గట్టిగా తొక్కిన ప్రతిసారీ మూటలు ముందుకు జారాలని చూస్తాయి. అందుకే అడ్డంగా వేసే బెల్టులు కాక, ముందు నుంచి వెనక్కి ఒక బెల్టు తప్పనిసరి. కొండ మీద తిరిగి కట్టేటప్పుడు చాలామంది వదిలేసేది ఈ నిలువు బెల్టునే.