సెరంపూర్ రేవులో అమ్మ

హౌరాలో లోకల్ రైలు ఎక్కితే సెరంపూర్ అరగంట దూరం. ఆ అరగంట ప్రయాణం చేయాలని మా నాన్నగారు ముప్పై ఏళ్ళు అనుకుని, చేయకుండానే ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయారు. ఆయన హైదరాబాదులో చదివిన బి.డి. అనే క్రైస్తవ వేదాంత పట్టా మీద ఉన్నది సెరంపూర్ పేరే. దేశంలోని ఎన్నో క్రైస్తవ వేదాంత కళాశాలలు సెరంపూర్ కళాశాల సెనేటుకు అనుబంధంగా ఉన్నాయి. ఏజెన్సీలో మేమున్న పెంకుటింట్లో గోడకు వేలాడిన ఏకైక అలంకారం ఆ పట్టా. ఆయన పోయిన రెండేళ్ళకు, ఈ జనవరిలో, అరవై ఎనిమిదేళ్ళ అమ్మను వెంటబెట్టుకుని నేను బయలుదేరాను.

స్టేషన్ బయట టోటో, అంటే బ్యాటరీ రిక్షా, ఎక్కాం. ఇరుకు సందులు, మిఠాయి దుకాణాలు, గోడల మీద ఎన్నికల రాతలు దాటాక ఒక్కసారిగా హుగ్లీ నది కనిపించింది. నదికి ఎదురుగా ఎత్తైన స్తంభాలతో కళాశాల. 1818లో విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ అనే ఇంగ్లీషు మిషనరీలు స్థాపించారు. అప్పట్లో ఇది డెన్మార్క్ వారి ఊరు. తమ ఏలుబడిలో మిషనరీలను ఇంగ్లీషు కంపెనీ సహించకపోవడంతో 1800 జనవరి నాటికి వాళ్ళు ఇక్కడికి చేరారు. అమ్మ ఒక స్తంభం మీద అరచేయి ఆనించి కాసేపు కళ్ళు మూసుకుంది. ఏమి ప్రార్థించిందో నేను అడగలేదు.

నాన్నగారు ఏడాదికొకసారైనా కేరీ గారి గురించి ప్రసంగించేవారు. చెప్పులు కుట్టుకునే మనిషి దేవుని పిలుపు విని సముద్రం దాటడం, 1812 మార్చి 11 రాత్రి ముద్రణాలయం కాలిపోవడం, ఆ మంటల్లో తెలుగు వ్యాకరణం రాతప్రతి కూడా బూడిద కావడం, కేరీ గారు మళ్ళీ మొదటి పుట నుంచి మొదలుపెట్టడం, 1814లో ఆ వ్యాకరణం అచ్చు కావడం. ఆ చోటికి వచ్చేసరికి నాన్నగారి గొంతు బరువెక్కేది. ఆ ప్రసంగంలో నేను ఒక్కసారి కూడా వినని పేరు డొరతీ. కేరీ గారి మొదటి భార్య. ఆమె గురించి నేను పెద్దయ్యాక చదివాను, చదివినప్పటి నుంచి నాకు మనశ్శాంతి లేదు.

రేవు మెట్ల మీద కూర్చున్నాక అమ్మకు చెప్పాను. పెళ్ళినాడు చర్చి పుస్తకంలో సంతకం చేయడం రాక గుర్తు పెట్టిన మనిషి ఆమె. ఇండియాకు రానని చెప్పింది. అప్పటికే ఇద్దరు ఆడపిల్లలను మట్టిలో పెట్టింది, మళ్ళీ నిండు చూలాలు. కేరీ గారు పెద్ద కొడుకు ఫీలిక్స్‌ను తీసుకుని బయలుదేరారు, కానీ ఓడ ప్రయాణం ఆగిపోయింది. ఆ వ్యవధిలో బిడ్డ పుట్టాడు. కేరీ గారు మళ్ళీ వచ్చి అడిగితే మళ్ళీ కాదంది. అప్పుడు ఆయనతో వచ్చిన డాక్టర్ థామస్ ఆమె దగ్గరకు వెళ్ళి, రాకపోతే నీ కుటుంబం శాశ్వతంగా చెదిరిపోతుంది, బతికినన్నాళ్ళూ పశ్చాత్తాపపడతావు అన్నాడు. చెల్లెలు తోడు వస్తే వస్తానని, అప్పటికప్పుడు సామాను సర్దుకుని 1793 జూన్‌లో ఓడ ఎక్కింది.

అమ్మ నది వైపు చూస్తూ, "నాకూ అలాగే చెప్పారు. మీ నాన్నగారు కాదులే, పెద్దలు. దేవుని పనికి అడ్డుపడిన భార్య ఇల్లు నిలవదని" అంది.

డొరతీ ఓడ ఎక్కిన మరుసటి ఏడాది, నీలిమందు ఫ్యాక్టరీ ఉన్న మద్నాబతిలో, పీటర్ అనే కొడుకు జ్వరంతో చనిపోయాడు. గొయ్యి తవ్వడానికి మనుషులు దొరకడమే కష్టమైంది.

"బాబు వయసెంత?"

"ఐదేళ్ళమ్మా."

అమ్మ ఇక మాట్లాడలేదు. మా తమ్ముడికి ఆరేళ్ళప్పుడు మలేరియా వచ్చి, రాత్రివేళ జీపులో రాజమండ్రికి తీసుకెళ్ళాం. దారంతా వాడి తల అమ్మ ఒళ్ళోనే ఉంది. వాడు బతికాడు.

డొరతీ మనసు 1795 నుంచి చెదిరిపోయింది. గదిలో పెట్టి తాళం వేయవలసి వచ్చేది. 1800 డిసెంబర్ 28న ఈ నదిలోనే కృష్ణపాల్ అనే వడ్రంగికి బాప్తిస్మం ఇచ్చారు. మిషన్‌కు తొలి ఫలం. అతనూ ఊరికే రాలేదు; మిషనరీలతో కలిసి భోంచేసినందుకు జనం అతణ్ణి ఇంట్లోంచి ఈడ్చుకుపోయారు. అదే రోజు, అదే నీళ్ళలో ఫీలిక్స్ కూడా బాప్తిస్మం పొందాడు. కన్నతల్లి మాత్రం తన గదిలో కేకలు వేస్తోంది. ఒడ్డున కీర్తన పాడుతున్నవారికి ఆ కేకలు వినబడి ఉంటాయి. 1807 డిసెంబర్ 8న ఆమె ఈ ఊళ్ళోనే కన్నుమూసింది.

కేరీ గారి పిలుపును నేను శంకించడం లేదు. ఆయన అచ్చువేయించిన వాక్యం ఎన్ని ఇళ్ళలో వెలిగిందో నాకు తెలుసు. మా ఇల్లూ అలాంటి వెలుగుతోనే బతికింది. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని తగులుబడి లెక్క చూసుకోవాలని ప్రభువే చెప్పాడు. ఆ లెక్కలో డొరతీ ఇచ్చింది ఆమె పేరునే రాయాలని నా మొర. పిలుపు విన్నది ఒకరు, చెల్లించింది ఇద్దరు. మన సంఘాల్లో సేవకుల సాక్ష్యాలు వింటూ పెరిగిన నాకు, పాస్టరమ్మ చెల్లించినది ఎవరైనా అడిగినట్టు గుర్తు లేదు. నేనూ అడగలేదు.

సాయంత్రం మిషన్ శ్మశానానికి వెళ్ళాం. కేరీ గారి సమాధి మీద తనను దీనమైన, నిస్సహాయమైన పురుగుగా చెప్పుకున్న కీర్తన పాదం ఉంది. తనను రెండవ భార్య షార్లెట్ పక్కన పాతిపెట్టమని ఆయన వీలునామాలో కోరారు. ఆ సంగతి అమ్మకు చెప్పాలా వద్దా అని తటపటాయించి, చెప్పాను. అమ్మ కొంగు తలమీదుగా సవరించుకుని, "పాపం, ఆ షార్లెటమ్మ మంచిదే అయి ఉంటుంది" అంది.

తిరుగు రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. లిలువా దాటుతుండగా అమ్మ తనంతట తానే మొదలుపెట్టింది.

"మీ నాన్నగారు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చిన నెలలోనే నాకు టీచరు ఉద్యోగం ఆర్డరు వచ్చింది."

నాకు తొమ్మిదేళ్ళు అప్పుడు. ఇల్లు ఖాళీ చేసిన రోజు లారీ రంగు కూడా గుర్తుంది. ఈ మాట మాత్రం ఇంతవరకూ వినలేదు.

"నాన్నగారు ఏమన్నారు?"

"ఆయనకు చెప్పలేదు. చెబితే ఆగిపోయేవారు."

"ఏ ఊరు వేశారమ్మా?"

"తెనాలి పక్కనే. మీ అమ్మమ్మ వాళ్ళింటి నుంచి నడిచి వెళ్ళవచ్చు."

హౌరా వచ్చింది. జనం తలుపు వైపు కదిలారు. అమ్మ నాన్నగారి బైబిలు ఉన్న సంచిని నాకివ్వకుండా తనే భుజానికి తగిలించుకుంది.