మనిషికి ఒక బిందె

సాయంత్రం ఆరు దాటాక మా వీధికి కరెంటు వచ్చింది. హుద్‌హుద్ తుఫానుకు కరెంటు పోయిన ఎనిమిది రోజుల తరువాత ఫ్యాను తిరిగితే కలిగిన ఆనందాన్ని గురించి రాద్దామనే కూర్చున్నాను కానీ, మనసు మాత్రం కింద వాచ్‌మన్ గదిలో మేకుకు వేలాడుతున్న నోటుపుస్తకం దగ్గరే ఆగిపోయింది. ట్యాంకరు నీళ్ళు ఏ ఇంటికి ఎన్ని బిందెలో అందులో రాసి ఉంది. ఎదురింటికి అయిదు, పై అంతస్తుకు నాలుగు, నా ఫ్లాటుకు ఒకటి. ఇకముందు తుఫాను వచ్చినా ఇదే పద్ధతి పాటిద్దామని సెక్రటరీ గారు ఈ రోజు కింద సంతకం కూడా చేశారు. తుఫాన్లు వచ్చే నవంబరు ఇంకా ముందే ఉంది కనుక ఆ మాట నాకు ఊరికే రాసినట్లు అనిపించలేదు.

మనిషికి ఒక బిందె అనే లెక్కలో తప్పు పట్టడానికి పైకి ఏమీ కనిపించదు. తాగడానికైతే అది సరైన లెక్కే. కానీ ఇంట్లోకి కొట్టుకొచ్చిన ఆకుల పిప్పినీ మట్టినీ కడగడానికి నేల వైశాల్యం లెక్కకు వస్తుంది గాని, ఆ నేల మీద ఎంతమంది నడుస్తారన్నది రాదు. అన్నం గిన్నె ఒకరికి వండినా కడగాలి, నలుగురికి వండినా కడగాలి.

అంతకంటే ముఖ్యమైనది క్యూల సంగతి. ఎదురింట్లో ఒకరు పాలకు వెళ్తే ఒకరు ట్యాంకరు దగ్గర నిలబడ్డారు, పిల్లవాడు ఫోన్లన్నీ సంచిలో వేసుకొని జనరేటరు ఉన్నచోటికి ఛార్జింగుకు వెళ్ళాడు. నేను ఒకేసారి ఒకే క్యూలో నిలబడగలను. మంగళవారం పొద్దున పాల ప్యాకెట్టు కోసం గంటన్నర నిలబడి, మామూలు ధరకు రెండింతలకు పైగా ఇచ్చి తెచ్చుకొని వచ్చేసరికి ట్యాంకరు వచ్చి వెళ్ళిపోయింది. ఆ రోజు నా పేరుకు ఎదురుగా సున్నా ఉంది. లిఫ్టు లేని మూడు అంతస్తులూ ఖాళీ బిందెతో ఎక్కుతుంటే కలిగిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.

ఆ ఆదివారం, అంటే అక్టోబరు 12న, ఉదయం నుంచీ ఒంటరితనం అనే మాటే నాకు తోచలేదు, అంత పని ఉంది. గాలి ఈశాన్యం వైపు నుంచి బాల్కనీ తలుపును తోస్తోంది. బీరువాను కదపడం నా వల్ల కాక, దివాను జరిపి తలుపుకు అడ్డం పెట్టి, దాని మీద వీపు ఆనించి కూర్చున్నాను. గడప కింద కుక్కిన దుప్పట్లు తడిసి బరువెక్కి, వాటి మీదుగా నీళ్ళు హాల్లోకి పారాయి. గాలి గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వీచిందని తరువాత విన్నాను. ఆ సమయానికి నాకు తెలిసినదల్లా తలుపు ఊపిరి పీల్చినట్లు లోపలికీ బయటికీ ఆడుతోందన్నదే. మధ్యాహ్నం ఉన్నట్టుండి అంతా ఆగిపోయింది. చెవుల్లో హోరు మాత్రం మిగిలింది. తలుపు కాస్త తెరిచి చూస్తే ఆకాశం తేటగా ఉంది, ఎదుటి బాదం చెట్టు వేళ్ళతో సహా లేచి కారు మీద పడి ఉంది, వీధి అంతటా నలిగిన పచ్చి ఆకు వాసన.

తుఫాను గాలి మన అర్ధగోళంలో గడియారపు ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుందనీ, నడిమధ్య ప్రశాంతంగా ఉండే దాని కన్ను దాటిపోగానే గాలి అవతలి దిక్కు నుంచి కొడుతుందనీ ఇరవయ్యారేళ్ళు పిల్లలకు బోర్డు మీద బొమ్మ వేసి చెప్పినదాన్ని. అయినా ఆ క్షణంలో అయిపోయిందనే అనుకున్నాను. చీపురు తీసుకొని నీళ్ళు ఊడ్వడం మొదలుపెట్టాను. ఎదురింటావిడ తలుపు తట్టి, "మేడమ్ గారూ, మా ఇంటికి వచ్చేయండి, అందరం ఒక్కచోట ఉందాం" అన్నారు. "తగ్గిపోయింది కదమ్మా, నాకేమీ భయం లేదు" అని పంపేశాను. తరువాత గాలి నైరుతి నుంచి వచ్చింది. అప్పటిదాకా నేను కాపలా కాసినది ఒక వైపు అయితే, పగిలినది మరో వైపున్న వంటింటి కిటికీ. గాజుపెంకులు పప్పు డబ్బాల మధ్య ఇంకా దొరుకుతున్నాయి. చీకటి పడేదాకా నడవలో, రెండు గోడల మధ్య కూర్చున్నాను. ఎదురింటి నుంచి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. నాలుగడుగుల దూరం, వెళ్ళలేదు.

ఇదంతా రాస్తుంటే, నోటుపుస్తకం మీద ఉన్న కోపంలో కొంత ఇటు తిరుగుతోంది. సోమవారం పొద్దున సెక్రటరీ గారు నిజంగానే పైకి వచ్చి, "అమ్మా, నీళ్ళు ఎన్ని పంపమంటారు?" అని అడిగారు. "నా ఒక్కదానికి ఎంత కావాలిలెండి, ఒక బిందె చాలు" అన్నాను. ఆ మాట ఆ రోజు కొత్తగా పుట్టినది కాదు. కూరల దగ్గర, పెళ్ళి భోజనాల దగ్గర, పిల్లలు ఫోనులో అడిగినప్పుడు కూడా నేను చెప్పే మాట అదే. ఆయన విన్నదే రాసుకున్నారు. ఆ రాత ఆయనదే అయినా మాట నాది. ఇది గుర్తుకు వచ్చాక, ఫిర్యాదు చేయకూడదని ఒక గంట క్రితం నిర్ణయించుకున్నాను.

కానీ అదీ సరి కాదని ఇప్పుడు అనిపిస్తోంది. కింది అంతస్తులో ఉన్న పెద్దాయన పేరుకు ఎదురుగా కూడా ఒకటే ఉంది. ఆయన నాలా చాలు అని ఉండరు, ఎందుకంటే ఆయనకు చెవులు సరిగా వినిపించవు, అడిగినా తెలిసి ఉండదు. బిందె మోసిపెట్టింది వాచ్‌మన్ భార్య. అది ఎవరూ ఆమెకు చెప్పిన పని కాదు. ఆమె ఊరికి వెళ్ళి ఉంటే ఆ ఒక్క బిందె కూడా మెట్ల దగ్గరే ఉండిపోయేది. నేను మొహమాటపడి తగ్గించి చెప్పిన లెక్క ఆయనకు కూడా రూలు అయింది.

తీగలు సరిచేయడానికి బయటి జిల్లాల నుంచి వచ్చిన సిబ్బంది మధ్యాహ్నం మా వీధి స్తంభం ఎక్కినప్పుడు అందరం కిందికి దిగాము. వాళ్ళకు మజ్జిగ ఇచ్చాము, వెలుగు రాగానే పిల్లలు కేకలు వేశారు, నేనూ చప్పట్లు కొట్టాను. ఆ సంతోషం నిజమైనదే.

రేపు పొద్దున సెక్రటరీ గారి దగ్గరకు వెళ్ళి రెండు మాటలు చెప్పాలి. ఒంటరిగా ఉన్న ఇంటికి రెండు బిందెలు రాయమనీ, ట్యాంకరు వచ్చినప్పుడు క్యూలో లేనివారి తలుపు ఒకసారి తట్టమనీ. మొదట పెద్దాయన ఫ్లాటు నంబరు చెప్పి, తరువాత నాది చెబుతాను. అన్నీ నింపుకోమని కింద మోటారు వేశారు. బకెట్లన్నీ నిండాయి, శనివారం నాటి బిందెలో అడుగున ఉన్న నీళ్ళు మాత్రం పారబోయడానికి చేయి రాలేదు.