ముందు కుర్చీ, తర్వాత చెంచా

మింగడంలో ఇబ్బంది ఉన్న పిల్లల తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్న: "నోటికి ఏం వ్యాయామాలు చేయించాలి?" ఈలలు ఊదించడం, బుగ్గలు రుద్దడం, నాలుక మీద బ్రష్ ఆడించడం చాలాచోట్ల జరుగుతూనే ఉంటాయి. ఈల ఊదితే వచ్చేది ఊదడమే, మింగడం రాదు. మింగడం మింగుతూనే నేర్చుకోవాలి, అదీ ఊపిరితిత్తుల్లోకి ఏమీ పోకుండా. అందుకే ఈ థెరపీలో సగం పని నోటి బయటే ఉంటుంది: బిడ్డ ఎలా కూర్చుంది, చెంచా ఎటునుంచి వచ్చింది, తాగేది ఎంత చిక్కగా ఉంది, గుటకకూ గుటకకూ మధ్య ఊపిరి పీల్చుకునే సందు దొరికిందా లేదా.

అన్నిటికంటే ముందు, మింగింది ఎటు పోతోందో తేలాలి. పొలమారితే ఎవరికైనా తెలుస్తుంది. తెలియని గుర్తులే ఎక్కువ: తాగాక గొంతు తడిగా గరగరమనడం, తినేటప్పుడే కళ్లు చెమర్చడం, ముక్కుపుటాలు ఎగరడం, మూతి చుట్టూ రంగు మారడం, పసివాళ్లయితే వేళ్లు బిర్రుగా విప్పి చేతులు చాచేయడం. మాటిమాటికీ నిమోనియా రావడం, బరువు పెరగకపోవడం, ప్రతి పూటా తిండికి 30 నిమిషాలకు మించి పట్టడం కూడా ఈ కోవలోవే. కొందరు పిల్లలకు పాలో నీళ్లో శ్వాసనాళంలోకి దిగినా దగ్గే రాదు. కాబట్టి "దగ్గడం లేదుగా" అన్నది భరోసా ఇచ్చే మాట కాదు. పక్కన కూర్చుని చూసి, గొంతు మీద వేలు పెట్టి ఈ సంగతి తేల్చడం ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా సాధ్యం కాదు.

తేల్చడానికి రెండు పరీక్షలున్నాయి. ఒకటి, ఎక్స్‌రేలో కనిపించే బేరియం అనే పదార్థం కలిపిన ఆహారం మింగుతుండగా తీసే వీడియో ఎక్స్‌రే. మింగే క్షణం అంతా కనిపిస్తుంది, కానీ రేడియేషన్ కాబట్టి కొద్ది నిమిషాల్లోనే ముగించాలి. రెండోది, ముక్కులోంచి సన్నని కెమెరా గొట్టం దింపి చూడడం. ఇందులో లాలాజలం ఎటు పోతోందో కూడా తెలుస్తుంది, తల్లిపాలు తాగుతుండగానూ చూడొచ్చు. సరిగ్గా మింగే క్షణంలో మాత్రం గొంతు మూసుకుని తెర తెల్లబడిపోతుంది. ఏ పరీక్షకైనా ఇంట్లో వాడే సీసా, చెంచా, కప్పు తీసుకెళ్లాలి. కొత్త చెంచాతో చేసిన పరీక్ష ఇంట్లో జరిగేదాన్ని చూపించదు.

ఇక కుర్చీ. నడుము, మోకాలు, చీలమండ మూడూ దాదాపు 90 డిగ్రీల్లో ఉండాలి. నడుము సీటు వెనక్కి ఆనాలి, బల్ల మోచేతి ఎత్తులో ఉండాలి, పాదాలకు కింద గట్టి ఆధారం ఉండాలి. అందరూ వదిలేసేది ఈ పాదాల సంగతే. కాళ్లు గాల్లో వేలాడితే ఒళ్లు నిలపడానికే బిడ్డ దవడనూ మెడనూ బిగిస్తుంది, ఇక నమలడానికి దవడకు తీరికెక్కడ? సీటు వెడల్పుగా ఉంటే రెండు పక్కలా చుట్టిన తువ్వాళ్లు దోపి, పాదాల కింద పెట్టె పెడితే చాలాసార్లు అదే రోజు తేడా కనిపిస్తుంది. గడ్డం కొంచెం ముందుకు వంగి ఉండాలి. తల వెనక్కి వాలితే శ్వాసనాళం దారి తెరుచుకుంటుంది, నోట్లోది అదుపు లేకుండా జారిపోతుంది. కప్పుతో తాగేటప్పుడు తల ఎత్తాల్సి వస్తుంటే, ముక్కు తగిలే వైపు అంచు కోసిన కప్పు వాడాలి.

సీసా పాలు తాగే పసివాళ్లను వెల్లకిలా కాకుండా ఒక పక్కకు తిప్పి, తల ఎత్తుగా, చెవీ భుజమూ తుంటీ ఒకే వరుసలో ఉండేలా పట్టుకుంటే పాలు చెంప వైపు చేరతాయి, గొంతులోకి ఒక్కసారిగా పడవు. చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం ఒక లయలో కుదిరేది సుమారు 34 వారాల గర్భం నాటికి. అంతకంటే ముందే పుట్టిన బిడ్డకు ఆ లయ మనమే అందించాలి. మూడు నుంచి ఐదుసార్లు చప్పరించాక, పీక నోట్లోంచి తీయకుండానే సీసాను కిందికి వంచితే పీకలో పాలు ఖాళీ అవుతాయి. ఊపిరి తీసుకున్నాక మళ్లీ ఎత్తాలి. తాగడం ఆలస్యమవుతోందని పీక రంధ్రం సూదితో పెద్దది చేయడం అన్నిటికంటే చెడ్డ పని. నెమ్మదిగా వచ్చే పాలనే సంబాళించుకోలేని బిడ్డ మీద ధార వదిలినట్టవుతుంది.

పలచటి ద్రవం గొంతులో అదుపు తప్పి జారిపోయే పిల్లలకు తాగేదాన్ని చిక్కబరుస్తారు. ఎంత చిక్కగా అన్న విషయంలో కంటి అంచనా పనికిరాదు. ఐడీడీఎస్‌ఐ అనే అంతర్జాతీయ కొలమానంలో ద్రవాలకు 0 నుంచి 4, ఆహారానికి 3 నుంచి 7 స్థాయిలున్నాయి. పరీక్ష సులువు. 0 గీత నుంచి 10 మి.లీ. గీత దాకా పొడవు 61.5 మి.మీ. ఉన్న సిరంజి తీసుకోవాలి. లోపలి పిస్టన్ తీసేసి, మూతి వేలితో మూసి 10 మి.లీ. వరకూ నింపి, వేలు తీసి, సరిగ్గా 10 సెకన్లకు మళ్లీ మూయాలి. మిగిలింది 1 మి.లీ. కంటే తక్కువైతే స్థాయి 0, 1 నుంచి 4 అయితే స్థాయి 1, 4 నుంచి 8 అయితే స్థాయి 2, 8 దాటినా కొంతైనా కారి ఉంటే స్థాయి 3. అసలు కారకపోతే స్థాయి 4, దాన్ని ఫోర్కుతో, చెంచాతో చూడాలి. సిరంజి పొడవు ఎందుకంటారా? అన్ని 10 మి.లీ. సిరంజిలూ ఒకే కొలతలో ఉండవు, పొడవు మారితే ఫలితమూ మారుతుంది.

చిక్కబరచడంలో దెబ్బతినే చోట్లు కొన్ని ఉన్నాయి. పిండి పదార్థంతో చేసిన థిక్కనర్ (ద్రవాన్ని చిక్కబరచే పదార్థం) తల్లిపాలలో నిలవదు, పాలలోని ఎంజైమ్ దాన్ని విరగ్గొట్టి మళ్లీ పలచన చేస్తుంది. ఫార్ములా పాలలోనైతే అదే పదార్థం నిలవుంచేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. అందుకే తాగించే సమయానికి, తాగించే వేడిలోనే పరీక్షించాలి. క్సాంథన్ గమ్ అనే జిగురు ఉన్న థిక్కనర్లను నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు వాడకూడదు, పేగులు దెబ్బతినే ప్రాణాంతక జబ్బుతో వాటికి ఉన్న సంబంధంపై 2011లోనే అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఏడాది నిండని బిడ్డకు తేనె ఏ రూపంలోనూ వద్దు, బోట్యులిజం (కండరాలు చచ్చుబడే విషజబ్బు) ప్రమాదం. థిక్కనర్ వాడే పిల్లలకు మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం కూడా గమనిస్తుండాలి. డాక్టరూ థెరపిస్టూ చూసి చెప్పకుండా ముందుజాగ్రత్త పేరుతో చిక్కబరచడం మంచిది కాదు.

చెంచా లోతు తక్కువగా, బిడ్డ నోటి వెడల్పు కంటే చిన్నగా ఉండాలి. అరచెంచా కంటే తక్కువ తీసుకుని, బిడ్డ కంటి ఎత్తుకు కిందనుంచి, మధ్యగా, అడ్డంగా తీసుకురావాలి. నాలుక ముందు భాగం మీద కొద్దిగా నొక్కి ఆగాలి. పై పెదవి దానంతట అది దిగివచ్చాకే చెంచాను తిన్నగా వెనక్కి లాగాలి. పైచిగురుకు రాసి ఖాళీ చేస్తే పెదవికి పని లేకుండా పోతుంది, తలా వెనక్కి వెళ్తుంది. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో ఉండని స్థితి) ఉన్న పిల్లల్లో కొందరు చెంచా తగలగానే గట్టిగా కరిచి పట్టేస్తారు. లాగొద్దు, లాగేకొద్దీ పట్టు బిగుస్తుంది. కదపకుండా వదులయ్యేదాకా ఆగాలి. వీళ్లకు లోహపు చెంచా గానీ విరిగే ప్లాస్టిక్ గానీ వద్దు, మెత్తటి పూత ఉన్న గట్టి చెంచా వాడాలి.

నమలడం నేర్పేటప్పుడు ముక్కను నాలుక మధ్యలో పెడితే బిడ్డ దాన్ని చప్పరించి మింగేస్తుంది. లాలాజలానికే కరిగిపోయే ముక్కను పక్కన, దవడపళ్లు వచ్చే చోట పెడితే నాలుక అటు తిరగాల్సి వస్తుంది. కుడి ఎడమలు మార్చుతూ ఉండాలి. తర్వాతి మెట్లకు కొలతలున్నాయి: ఐడీడీఎస్‌ఐ స్థాయి 5లో ముక్క వెడల్పు 2 మి.మీ. దాటకూడదు, స్థాయి 6లో 8 మి.మీ. ఇవి పిల్లల కొలతలు, పెద్దవాళ్లకు వేరు. పలచటి ద్రవంలో ముక్కలు తేలే ఆహారం అన్నిటికంటే కష్టమైనది, ద్రవం ముందే గొంతులోకి జారుతుంది, ముక్క నోట్లోనే ఉంటుంది.

ఓకరింత వేరు, ఊపిరాడకపోవడం వేరు. ఓకరించే బిడ్డ చప్పుడు చేస్తుంది, మొహం ఎర్రబడుతుంది, సాధారణంగా ముక్కను తనే బయటికి తెచ్చుకుంటుంది. ఊపిరాడని బిడ్డ నోట్లోంచి చప్పుడు రాదు, దగ్గు బలంగా ఉండదు. అప్పుడు వెంటనే ప్రథమ చికిత్స మొదలుపెట్టాలి. ఏడాదిలోపు బిడ్డకైతే తల కిందికి ఉండేలా బోర్లా పట్టుకుని, వీపు మీద రెండు రెక్కల మధ్య 5 దెబ్బలు, తిప్పి ఛాతీ మధ్యలో 5 నొక్కులు, అడ్డం పోయేదాకా మార్చి మార్చి. స్పృహ తప్పితే సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ, నోటితో ఊపిరి అందించడం). కనపడని ముక్క కోసం వేలు పెట్టి వెతకడం దాన్ని ఇంకా లోపలికి తోస్తుంది.

తినను అని మొహం తిప్పేసే పిల్లల్లో చాలామందికి వెనక ఒక కారణం ఉంటుంది: రిఫ్లక్స్ (కడుపులోది పైకి ఎగదన్నడం) మంట, మలబద్ధకం, వాచిన టాన్సిల్స్, ఎలర్జీ. అది సరిచేయకుండా బతిమాలడం వృథా. చేతులు పట్టుకుని, ఏడుస్తుండగా నోట్లో పెట్టడం మాత్రం ఏ స్థితిలోనూ వద్దు. ఏడుపులో లోపలికి లాగే ఊపిరితో పాటే ఆహారమూ పోతుంది. కొత్త ఆహారాన్ని మెట్టు మెట్టుగా అలవాటు చేయాలి: పళ్లెంలో ఉంటే ఓర్చుకోవడం, చెంచాతో తాకడం, వేలితో తాకడం, వాసన, పెదవికి తగలడం, నాలికకు తగలడం, ఆ తర్వాతే కొరకడం. ఏ మెట్టు దగ్గర ఆగితే మర్నాడు అక్కడినుంచే మొదలు. ఒక కొత్త రుచి ఒప్పుకోవడానికి పదీ పదిహేనుసార్లు కనిపించాల్సి రావడం మామూలే.

ట్యూబు ద్వారా తినే పిల్లలకు, ట్యూబులో పోస్తున్నప్పుడే కుటుంబంతో పాటు కూర్చోబెట్టి, డాక్టరు వద్దనకపోతే పెదవులకు రుచి చూపిస్తే ఆకలికీ నోటికీ ఉన్న లంకె తెగిపోదు. నోటితో ఏమీ తినని బిడ్డకూ రోజుకు రెండుసార్లు పళ్లు తోమాలి, పళ్లు రాకపోతే చిగుళ్లు తుడవాలి. మురికి నోటి లాలాజలం ఊపిరితిత్తుల్లోకి దిగినా నిమోనియా వస్తుంది. నురుగు రాని పేస్టు చాలా కొద్దిగా, బిడ్డను కూర్చోబెట్టి, తల కొంచెం ముందుకు వంచి తోమాలి. నోట్లోని లాలాజలం లాగేసే సక్షన్ మిషన్ వాడే బిడ్డకైతే తోముతున్నంతసేపూ అది ఆన్‌లోనే ఉండాలి.