మొన విరిగిన 'క్ష'

1975 జూన్‌లో మన బడిలో ఆరో తరగతిలో చేరినప్పుడు దరఖాస్తు నేనే నింపాను. పేరు, ఊరు, పుట్టిన తేదీ చకచకా రాసేసి 'తండ్రి వృత్తి' దగ్గర ఆగిపోయాను. నా ముందు నిలబడ్డ అమ్మాయి ఆ గడిలో 'రైల్వే' అని రాయడం చూశాను. ఆ మాట పక్కన మా నాన్న పని ఎందుకో చిన్నదిగా తోచింది. 'ఉద్యోగం' అని రాసి ఇచ్చేశాను. ఏ ఉద్యోగమని ఎవరూ అడగలేదు. పూర్వ విద్యార్థుల సమ్మేళనం సంచికకు ఏదైనా రాయమని మిత్రులు ఫోను చేసినప్పుడు ముందుగా గుర్తుకొచ్చింది ఆ గడే. దాన్ని ఇప్పుడైనా సరిగా నింపాలని ఉంది.

మా నాన్న బెజవాడ గవర్నరుపేటలో ఒక ప్రెస్సులో, కాలితో నడిచే ట్రెడిల్ అచ్చు మిషను తొక్కేవారు. మా తాతయ్య అదే ప్రెస్సులో సీసపు అక్షరాలు కూర్చే కంపోజిటరు. మా అమ్మ ఇంట్లో కూర్చుని, అచ్చయిన పెద్ద కాగితాలను పుస్తకం ఫారాలుగా మడిచేది.

తాతయ్యది తెనాలి దగ్గర పల్లె. సాగు చేసుకోవడానికి సెంటు భూమి లేక పద్నాలుగో ఏట, 1934లో, బెజవాడ వచ్చారు. మొదట రోలరుకు సిరా పూసే పని. తర్వాత అచ్చులు కిరసనాయిలుతో కడిగే పని. కేసు ముందు నిలబడే యోగ్యత రావడానికి నాలుగేళ్ళు పట్టిందని చెప్పేవారు. కేసు అంటే గళ్ళు గళ్ళుగా చేసిన చెక్క పెట్టె. ఒక్కో గడిలో ఒక్కో సీసపు అచ్చు. ఇంగ్లీషుకు రెండు కేసులు చాలు. తెలుగుకు అలా కుదరదు. గుణింతాలు, వత్తులు, సంయుక్తాక్షరాలు అన్నీ కలిపి వందల గళ్ళు. ఏ గడి ఎక్కడుందో చూసుకుంటూ కూర్చుంటే రోజుకు ఒక పుట కూడా తెమలదు. తాతయ్య కళ్ళు ఎప్పుడూ ఎదురుగా ఉన్న రాతప్రతి మీదే ఉండేవి. ఎడమ చేతిలో అక్షరాలు వరుసగా పేర్చుకునే స్టిక్కు, కుడి చేయి దానంతటది గళ్ళ మీద తిరిగేది. అచ్చు మీద అక్షరం అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటుంది కదా, అచ్చుకు పక్కన ఉండే గంటును బొటనవేలితో తడిమి ఏది పైవైపో తెలుసుకునేవారు. వత్తు మరిచిపోతే 'అమ్మ' కాస్తా 'అమ' అవుతుంది. ప్రూఫులో అలాంటిది కనబడితే ఆ రోజు అన్నం సరిగా తినేవారు కాదు. పుస్తకాల్లో దొర్లే తప్పులకు పెద్దలు 'ముద్రారాక్షసం' అని పేరు పెట్టి నవ్వుకుంటారు. తాతయ్యకు ఆ మాట వింటే కష్టంగా ఉండేది. "రాక్షసుడెవరూ లేడమ్మాయీ, పొద్దున్నుంచీ నిలబడ్డ మనిషి ఉన్నాడు" అనేవారు.

అచ్చయిపోయిన తర్వాత పని ఇంకా మిగిలే ఉంటుంది. అచ్చులన్నీ విప్పి, ఏ అక్షరాన్ని ఆ గడిలో మళ్ళీ వేయాలి. దాన్ని డిస్ట్రిబ్యూషన్ అనేవారు. కొత్త కుర్రాళ్ళకు ఆ పని అప్పగించినప్పుడు తాతయ్య పక్కనే నిలబడేవారు. ఒక్క 'మ' వెళ్ళి 'వ' గడిలో పడిందంటే, అది రేపు ఎవరి పెళ్ళి శుభలేఖలో తేలుతుందో ఎవరికి తెలుసు!

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక పుస్తక ప్రచురణ మద్రాసు నుంచి మెల్లగా మన ఊరికి మళ్ళింది. ఏలూరు రోడ్డు, గవర్నరుపేట సందుల్లో ప్రెస్సులు, బైండింగు షాపులు, పుస్తకాల దుకాణాలు ఒకదాని పక్కన ఒకటి వెలిశాయి. మా ఇంటికి అన్నం పెట్టింది ఆ సందులే. ఉగాదికి ముందు పంచాంగాల పని, జూన్‌లో గైడ్ల పని, మాఘమాసంలో శుభలేఖల పని. పంచాంగమంటే తాతయ్యకు ప్రత్యేకమైన గౌరవం. పుటంతా అంకెలే కాబట్టి చదివి తప్పు పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. "ఇక్కడ నా చేయి పొరబడితే ఎవరో వర్జ్యంలో తాళి కడతారు" అని, ఆ పనిని మూడుసార్లు సరిచూసేవారు.

నాన్న పని వేరు. ట్రెడిల్ నోరు తెరిచినప్పుడు కుడిచేత్తో కాగితం పెట్టాలి, ఎడమచేత్తో అచ్చయిన కాగితం తీయాలి, కాలు ఆగకూడదు. చేయి ఒక్క క్షణం ఆలస్యమైతే మిషను ఆగదు. నాన్న కుడి చూపుడువేలికి గోరు సగమే ఉండేది. నేను చిన్నప్పుడు ఆ వేలు పట్టుకునే బడికి వచ్చేదాన్ని.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. మనం అప్పుడు ఎనిమిదో తరగతి. బడిలో బట్టలు, బియ్యం పోగు చేశాం, చాలామందికి గుర్తుండే ఉంటుంది. వీధి వీధికీ పంచిన విరాళాల కరపత్రం గుర్తుందా? అది అచ్చయిన రాత్రి ప్రెస్సు ఉన్న సందులో కరెంటు లేదు. లాంతరు వెలుగులో తాతయ్య అక్షరాలు కూర్చారు. కాలితో తొక్కే మిషను కనుక నాన్న తెల్లవార్లూ ఆపకుండా అచ్చు వేశారు. మరునాడు ఉదయం ఆ కట్ట నుంచే పదేసి కాగితాలు తీసుకుని మనం ఇల్లిల్లూ తిరిగాం. అవి మా నాన్న వేసినవని నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉండవలసింది.

అమ్మ మూడో తరగతి వరకే చదివింది. పెద్ద కాగితాన్ని మూడు మడతలు వేస్తే పదహారు పుటల ఫారం అవుతుంది. వెదురు బద్దతో మడత మీద ఒక్కసారి గీసి పక్కన పడేసేది, లెక్క కూడా తప్పేది కాదు. నాకు సాయంత్రాలు ఆ పనే. ఒకరోజు, మడవక ముందు కాగితం మీద పుటల అంకెలు ఎందుకు చెల్లాచెదురుగా ఉన్నాయని అడిగాను. "ఏ జంటైనా కూడి చూడు" అంది. ఒకటీ పదహారూ, నాలుగూ పదమూడూ, ఎనిమిదీ తొమ్మిదీ, అయిదూ పన్నెండూ. అన్నీ పదిహేడే! తప్పు మడత పడిందా లేదా అని అమ్మ అలాగే చూసుకునేది. లెక్కల మాస్టారు తరువాతి కాలంలో శ్రేఢులు చెప్పినప్పుడు నాకు అవి కొత్తగా అనిపించలేదు.

మన తరగతిలో ఇలాంటి ఇళ్ళు ఇంకా ఎన్నో. 'రైల్వే' అని రాసిన అమ్మాయి వాళ్ళ తాతగారు బొగ్గు ఇంజన్లో ఫైర్‌మన్, నాన్నగారు డీజిల్ ఇంజను నడిపారు. చివరి బెంచీలో కూర్చునే మిత్రుడి తాతగారు పల్లెలో ఎద్దుబండి చక్రాలు చేసిన వడ్రంగి. చక్రం మధ్య నుంచి అంచుకు పోయే తుమ్మకర్ర ఆకులు బిగించి, కాల్చిన ఇనుప పట్టాను చక్రానికి ఎక్కించి నీళ్ళు పోసేవారట. బళ్ళు తగ్గిపోయాక కొడుకు అవే ఉలి, బాడిశ పట్టుకుని ఆటోనగర్ వచ్చారు, లారీలకు చెక్క బాడీలు కట్టారు. 1966లో ఆటోనగర్ పెట్టకపోతే తమ కుటుంబం ఏమైపోయేదోనని ఆ మిత్రుడు ఇప్పటికీ అంటాడు. మిగిలిన వాళ్ళూ రాయండి. ఎవరి ఇంటి సంగతి వాళ్ళే చెప్పాలి.

పదో తరగతి అయిపోయిన చాలా ఏళ్ళకు నాన్న ఒక సంగతి చెప్పారు. మన బడి పరీక్ష పేపర్లు అప్పుడప్పుడూ ఆ ప్రెస్సుకే వచ్చేవట. వచ్చిన ప్రతిసారీ తాతయ్య యజమాని దగ్గరకు వెళ్ళి, "మా మనవరాలు అక్కడ చదువుతోంది. ఈ పని వేరేవాళ్ళకు ఇప్పించండి" అని, ఆ రోజు కూలి వదులుకుని ఇంటికి వచ్చేసేవారట. ఇంట్లో ఒంట్లో బాగాలేదని చెప్పేవారు. నేను కాళ్ళు పట్టేదాన్ని.

1978–79లో వచ్చిన మన బడి సంచికను మాత్రం తాతయ్య స్వయంగా అడిగి తీసుకుని కంపోజ్ చేశారు. పిల్లల రాత ఎంత గజిబిజిగా ఉన్నా ఓపికగా చదివేవారు. తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకరు ప్రకాశం బ్యారేజీ మీద వ్యాసం రాశారు. వాక్యానికి రెండుసార్లు 'కృష్ణ'. సగానికి వచ్చేసరికి ప్రెస్సులో ఉన్న ణ వత్తులన్నీ అయిపోయాయి. అప్పటికి కూర్చిన పుటలు అచ్చు వేసి, విప్పి, ఆ వత్తులు మళ్ళీ గడిలోకి చేరాక మిగతా వ్యాసం పూర్తి చేశారు. సంచిక రెండు రోజులు ఆలస్యమైంది. 'నది' అని మార్చేద్దామని యజమాని అంటే, "పిల్లవాడు కృష్ణ అని రాశాడు, కృష్ణ అనే పడాలి" అన్నారట తాతయ్య. ఆ సంచిక చివరి అట్ట మీద ప్రెస్సు పేరు ఉంది. అక్షరాలు కూర్చినవారి పేరు, తొక్కినవారి పేరు, మడిచినవారి పేరు వేసే అలవాటు అప్పట్లో లేదు.

1990 ప్రాంతంలో కంప్యూటర్లు వచ్చి కేసులు మూలపడ్డాయి. నాన్న నలభై తొమ్మిదేళ్ళ వయసులో, తన కొడుకు ఈడు కుర్రాళ్ళ దగ్గర ఆఫ్‌సెట్ పని నేర్చుకున్నారు. నాలుగు రంగులు ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాలి. అది ఆయనకు చేతనైన రోజు ఇంటికి మల్లెపూలు తెచ్చారు. తాతయ్యకు నేర్చుకునే వయసు దాటింది. అచ్చులు గోతాలకెత్తి సీసం ధరకు తూకం వేసి అమ్మేశారు. ఆ రోజు ఆయన వెళ్ళి గోతాల పక్కన కూర్చున్నారు. తిరిగొచ్చేటప్పుడు జేబులో ఒకే ఒక్క అచ్చు ఉంది. కాగితం మీద కుడివైపు పడే మొన విరిగిన 'క్ష'. విరిగినా ఆయన దాన్ని పారేయనివ్వలేదు. క్షలు తక్కువ ఉండేవి, అందుకని.

ఆ అచ్చు ఇప్పుడు నా దగ్గర ఉంది. పాత సంచిక ప్రతి ఒకటి మన బడి గ్రంథాలయం బీరువాలో ఉందని విన్నాను. దయచేసి సమ్మేళనం రోజున దాన్ని బయటికి తీయించండి. ప్రధానోపాధ్యాయుల సందేశంలో 'శిక్షణ' అన్న మాట ఉంటుంది, నాకు బాగా గుర్తు. అందులో క్షకు కుడివైపు మొన ఉండదు. నేను అచ్చు, కాస్త సిరా తీసుకొస్తాను. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. వీలైతే ఆఫీసు గదిలో 1975 నాటి రిజిస్టరు కూడా వెతికించండి.