కడియపులంకలో అమ్మని పూలు

స్త్రీశక్తి పథకం వచ్చాక ఆంధ్రాలో పల్లెవెలుగు బస్సెక్కిన ఆడవాళ్లకి జీరో టికెట్టు. కాకపోతే ఆధార్ కార్డు మీద ఆంధ్రా అడ్రసు ఉండాలి. నా కార్డు మీద ఉన్నది ఉప్పల్. హైదరాబాద్‌లో మహాలక్ష్మి పుణ్యమా అని టికెట్టు కొనే అలవాటే తప్పిపోయింది. ఇక్కడ రాజమండ్రి కోటిపల్లి బస్టాండులో, బస్సు నిండా ఆడవాళ్లుంటే నేనొక్కదాన్నే పర్సు తియ్యాల్సి వచ్చింది. పుట్టిల్లు మండపేటే కదండీ అన్నాను. కండక్టరు కార్డు వెనక్కి తిప్పి చూసి, "పుట్టింటి అడ్రసు లేదు కదమ్మా" అని టికెట్టు చింపి చేతిలో పెట్టాడు.

పక్క సీట్లో ఉన్న మామ్మగారు మాత్రం తన జీరో టికెట్టుని భద్రంగా కళ్లజోడు పెట్టెలో దాచుకుంది. ఆవిడ ఒళ్లో ఒక ప్లాస్టిక్ కవరు, దాన్లో తడిగుడ్డ, గుడ్డలో వేలెడంత పూలమొక్కలు. కూతురి వాకిట్లో సిమెంటు బీటల్లో వాటంతట అవే మొలిచాయట. కూతురు చీపురుతో లాగి పారేస్తుంటే ఆపి ఏరుకొచ్చింది. దిగేది జొన్నాడ. నేను రావులపాలెంలో శ్రావణమాసం పెళ్లికి వెళ్తూ, దారిలో కడియపులంకలో దిగి నాలుగు పూలమొక్కలు కొనుక్కుందామని బయల్దేరాను.

ఆ సంగతి చెప్తే, "కొంటావా? ఇయ్యి కూడా కొంటారా అమ్మా?" అంది. ఇక వేమగిరి దాకా నాకు పాఠమే.

ఒక్కో మొక్కనీ తీసి అరచేతిలో పెట్టి చూపించింది. మొలకెత్తగానే వచ్చే రెండాకుల్ని నమ్మొద్దట, ఆ తర్వాత వచ్చే ఆకు చూశాకే పీకాలట. నిజమే. నా డాబా మీద కుండీల్లో ఏటా తొలకరికి మొలిచేవన్నీ మొదటి వారంలో ఒక్కలాగే కనిపిస్తాయి. బంతికీ వయ్యారిభామ కలుపుకీ తేడా ఆవిడ చెప్పినంత బాగా నాకు ఎవరూ చెప్పలేదు. రెంటికీ చీలికల ఆకులే. వయ్యారిభామ మొదట్లో లేవదు, ఆకులన్నీ నేలకి అతుక్కుని చుట్టూ పరుచుకుంటాయి. ఆకు మీద మెత్తటి నూగు, రంగు కాస్త బూడిద పచ్చ. బంతి మొదటి నుంచీ నిటారుగా లేస్తుంది, ఆకులు ఎదురెదురుగా, అంచున రంపపు పళ్లతో ఉంటాయి. ఒక రెబ్బ తుంచి నా వేళ్ల మధ్య నలిపింది. పెళ్లి భోజనంలో కూడా ఆ వాసన చేతినుంచి పోలేదు. వయ్యారిభామని మాత్రం అలా నలపకూడదు, దురదలు వస్తాయి.

చిలకగోరింట లేతకాడ నీరు పట్టి మెరుస్తూ ఉంటుంది, గోరు తగిలితే విరుగుతుంది. కాశీరత్నం తొలి ఆకులే రెండుగా చీలి ఉంటాయి కాబట్టి పొరపాటు పడటానికి లేదు. సీతమ్మవారి జడ మొలక అచ్చంగా తోటకూరే. కూరలో వేసేసుకున్నవాళ్లు ఉన్నారని నవ్వింది. తెలంగాణలో బతుకమ్మకి పేర్చే గునుగు దీనికి దగ్గరి చుట్టమే. దాన్ని ఎవరూ విత్తరు, చేలల్లో తనంతట తానే వస్తుంది, రైతు కలుపని తిట్టుకుంటాడు, పండగకి మాత్రం మోపులకి మోపులు మార్కెట్లో కొనుక్కుంటాం.

ఈ మొక్కలకి మనం చేయాల్సిందేమిటని అడిగాను. "ఊరుకోటం" అంది. చివరి పూలు కొయ్యకుండా చెట్టు మీదే ఎండనివ్వాలి. వేసవిలో ఆ చోట గునపం పెట్టకూడదు. ఎండుటాకులు మందంగా కప్పకూడదు. నాచుపూల గింజ ధూళంత ఉంటుంది, వెలుతురు తగిలితేనే మొలుస్తుంది, మీద మట్టి వేస్తే అంతే సంగతులు. నాలుగాకులు వచ్చాక జానెడు ఎడంలో ఒకటి ఉంచి మిగతావి సాయంత్రం పూట మార్చి నాటాలి. కనకాంబరం కాయల్ని మాత్రం ముందే కోసి గుడ్డలో కట్టుకోవాలి, ఎండిన కాయకి తడి తగిలితే పటపటా పేలి గింజలు ఎటో పోతాయి. ఆ మాటకి మండపేట స్కూలు గ్రౌండు గుర్తొచ్చింది. గోడ పక్కన ఊదాపూల మొక్కకి కాసే సన్నటి కాయల్ని ఉమ్మి తడి చేసి, ముందు బెంచీ అమ్మాయి మెడ వెనక జారవిడిచేవాళ్లం. టీచరు చేతిలో బెత్తం దెబ్బలు తిన్నది కూడా ఆ కాయల వల్లే.

వేమగిరి దాటాక రోడ్డుకి రెండు వైపులా నర్సరీలే. కడియపులంకలో నేను దిగుతుంటే మామ్మగారు కొంగు ముడి విప్పి చంద్రకాంత గింజలు గుప్పెడు ఇచ్చింది. నల్లగా, ముడతలు పడి మిరియాల్లా ఉన్నాయి. "పిల్లల నోట్లో పెట్టుకోనీకు, విషం" అని కిటికీలోంచి మళ్లీ కేకేసి చెప్పింది.

గింజలున్నా, మొక్క కూడా దొరికితే ఈ ఏడాదే పూస్తుంది కదా అని మొదటి నర్సరీలో అడిగాను. అక్కడ బోన్సాయిలున్నాయి, లారీ క్రేనుతో దింపుతున్న ఈతజాతి చెట్లున్నాయి, థాయ్‌లాండ్ నుంచి వచ్చాయంటున్న రంగురంగుల ఆకులున్నాయి. చంద్రకాంత లేదు. రెండో చోట కుర్రాడు "అదేం మొక్కండీ?" అన్నాడు. మూడో చోట పెద్దాయన, "కాలవగట్టు మీద మొలిచేదాన్ని అమ్మితే జనం నవ్వుతారండి" అన్నాడు. పెటూనియా చిన్న కుండీ 60 రూపాయలు. నాలుగు వానలకి కుళ్లిపోయే దానికి అరవైయా? హైబ్రిడ్ బంతి బాగుంది, గింజలు దాచుకోవచ్చా అంటే, "దాచినా ఇలాంటి పువ్వు రాదండి, మళ్లీ మా దగ్గరికే రావాలి" అన్నాడు, ఏమాత్రం దాపరికం లేకుండా.

డిగ్రీలో కారెన్స్ గురించి రంగు సుద్దముక్కలతో చెప్పారు. 1909లో ఆ జర్మన్ శాస్త్రవేత్త మచ్చల ఆకుల చంద్రకాంత మీద పనిచేసి, ఆకు రంగు పుప్పొడితో సంబంధం లేకుండా తల్లిమొక్క నుంచే వస్తుందని చూపించాడు. బోర్డు మీదంతా మిరాబిలిస్ జలాపా, అంటే చంద్రకాంత శాస్త్రీయ నామమే. మా కాలేజీ సైకిల్ స్టాండు వెనక సాయంత్రం నాలుగింటికి విచ్చుకునే గులాబీరంగు పొదని ఒక్క లెక్చరరూ చూపించలేదు.

అసలు సరుకు ఆ నర్సరీ వెనక దొరికింది. క్రోటన్ కుండీల వరసల్లో నలుగురు ఆడవాళ్లు కలుపు తీస్తున్నారు. వాళ్ల గమేళాలో తుంగ, గరిక, వాటితో పాటు బిళ్లగన్నేరు, చిలకగోరింట, నాచుపూలు, అడుగున రెండు చంద్రకాంతలు! పాత కుండీల మట్టిలో పడ్డ గింజలన్నీ వానకి లేచాయి. బిళ్లగన్నేరు అంటే మడగాస్కర్ మొక్క, బ్లడ్ క్యాన్సర్‌కి వాడే విన్‌క్రిస్టీన్ దాన్నుంచే వచ్చింది, ఇక్కడ పెంటకుప్పకి పోతోంది. చంద్రకాంతల్లో ఒకదాని వేరు అప్పటికే దుంప కట్టింది, అది బతుకుతుందని నమ్మకం కలిగింది. తీసుకోనా అని అడిగితే వాళ్లలో ఒకావిడ గమేళా మొత్తం నా ముందు బోర్లించి, "మోసే పని తప్పింది" అంది. మేస్త్రీ మాత్రం వచ్చి కవరుకి 20 రూపాయలు తీసుకున్నాడు.

పెళ్లింట్లో దిగగానే వదిన కవరులోకి తొంగి చూసి, "పసుపు కుంకుమలు తెస్తావనుకుంటే కలుపు తెచ్చావేంటి?" అంది. నేను కాళ్లు కడుక్కుని కాఫీ తాగి వచ్చేలోపు చిలకగోరింట మొత్తం పెరట్లో కుళాయి పక్కన ఆవిడే నాటేసుకుంది. బిళ్లగన్నేరు తన దగ్గర కావాల్సినంత ఉందని నాకే వదిలేసింది.