క్రాస్ ప్లెయిన్స్ జట్టు ఏమైంది?

అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో బాస్కెట్‌బాల్ మాటెత్తితే ఎవరైనా ముందు చెప్పేది మైలన్ కథే. 161 మంది పిల్లలున్న పల్లెటూరి హైస్కూలు 1954లో రాష్ట్ర చాంపియన్ అయింది. ఫైనల్లో మన్సీ సెంట్రల్‌తో 30-30 మీద ఉండగా చివరి క్షణాల్లో బాబీ ప్లంప్ బంతి వేసి 32-30తో గెలిపించాడు. ఇదే రాష్ట్రంలోని కొలంబస్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఆఫీసులో ఈ కథ విన్నాను. విన్న ప్రతిసారీ నా మనసు మాత్రం ఫైనల్ మీద నిలవదు. అంతకుముందు శీతాకాలమంతా ఆ పిల్లలు శుక్రవారం రాత్రుళ్లు ఎవరితో ఆడారు? ఆ స్కూళ్లేమయ్యాయి?

అది చూద్దామనే ఈ శనివారం 46 నంబరు రోడ్డు పట్టుకున్నాను. గ్రీన్స్‌బర్గ్, బేట్స్‌విల్ దాటేదాకా రాయాల్సిందేమీ లేదు. 101 మీదుగా మైలన్‌లోకి దిగితే పాత నీళ్ల ట్యాంకు మీద ఇప్పటికీ 1954 విజయం రాసి ఉంది. మధ్యాహ్నం భోజనం మాత్రం ఒళ్లు మండించింది. ఈ రాష్ట్రంలో పల్లెటూరి హోటల్ అంటే ప్లేటు కన్నా వెడల్పున్న పోర్క్ శాండ్‌విచ్చే. శాకాహారికి మిగిలేది కాల్చిన బ్రెడ్డూ చీజూ. దానికి, నాలుగు ఆలుగడ్డ ముక్కలకి, టిప్పుతో కలిపి పదహారు డాలర్లు! ఇంట్లో పులిహోర కట్టుకుని రావాల్సింది.

ఆ జట్టు మీద ఊరివాళ్లు నడిపే మ్యూజియంలో ఓ పెద్దాయన పరిచయమయ్యారు. ఎనభై దాటినా మనిషి నిటారుగా ఉన్నారు. నేను ఫోన్ తీసి 1954 టోర్నమెంటు ఫలితాలు చూపించి, మొదటి మ్యాచ్‌లో మైలన్ 83-36తో ఓడించిన క్రాస్ ప్లెయిన్స్ గురించి అడిగాను. ఆయన కళ్లజోడు సవరించుకుని, "ఇన్నాళ్లకి ఓడినవాళ్ల గురించి అడిగే మనిషి వచ్చాడు" అన్నారు. ఆయన పక్క కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) చదివారట. ఆయన చదివిన స్కూలు కూడా ఇప్పుడు లేదు.

అక్కడే గాజు బల్ల మీద వేలితో వాళ్ల జిమ్ గీసి చూపించారు. ఓ పక్క నాటకాల స్టేజీ, దాని మీదే సగం మంది ప్రేక్షకులు. ఇంకో పక్క బాస్కెట్ వెనక రెండడుగుల్లో గోడ. లేఅప్‌కి, అంటే బాస్కెట్ దాకా పరుగెత్తి బంతి వేయడానికి, వెళ్లినవాడు రెండు చేతులూ ముందుకు చాపి గోడకి గుద్దుకోకుండా ఆపుకోవాలట. అవతలి ఊరి జట్టుకి ఆ గోడ అలవాటుండదు కాబట్టి ఇంటి మ్యాచ్ సగం గెలిచినట్టే. అది చెబుతున్నప్పుడు ఆయన చేతులు వాటంతటవే ముందుకు చాచుకున్నాయి.

అప్పట్లో ప్రతి కౌంటీలో ఇలాంటి చిన్న స్కూళ్లన్నీ కలిసి ఓ కాన్ఫరెన్స్ పెట్టుకునేవి. ఏ శుక్రవారం ఎవరు ఎవరి ఊరికి వెళ్లాలో ముందే రాసుకోవడం, జనవరిలో కౌంటీ టోర్నమెంటు, ఓ కప్పు. అంతే. రాష్ట్ర టోర్నమెంటుకి చిన్నా పెద్దా తేడా లేదు, 1954లో 751 స్కూళ్లూ ఒకే బరిలో దిగాయి. అందులో చిన్న స్కూలు మొదటి వారమే ఇంటికి పోయేది. కాబట్టి గెలుపోటములు, పగలు, పెళ్లి సంబంధాలు అన్నీ కాన్ఫరెన్స్‌లోనే. మా కృష్ణా జిల్లాలో హైస్కూళ్ల మధ్య జరిగే గ్రిగ్ ఆటల పోటీలు గుర్తున్నవాళ్లకి ఇది వెంటనే తెలుస్తుంది. రాష్ట్ర స్థాయి సంగతి మాకెవరికీ పట్టేది కాదు. పక్క ఊరి హైస్కూలుని కబడ్డీలో పడగొడితే చాలు, సంక్రాంతిదాకా అదే కబురు.

తర్వాత 1959లో చట్టం వచ్చింది. స్కూళ్లని నడిపే ఒక్కో స్థానిక యూనిట్‌కి కనీసం 1,000 మంది పిల్లలుండాలన్నారు. 900 దాటి ఉన్న యూనిట్లు పదేళ్లలో దాదాపు 400కి దిగిపోయాయి. కౌంటీలో ఏడెనిమిది హైస్కూళ్లు రెండో మూడో అయ్యాక ఇక ఎవరు ఎవరితో ఆడతారు? మిగిలిన స్కూళ్లు నాలుగైదు కౌంటీల అవతలివాళ్లతో జత కట్టాయి. ఇక కౌంటీ కాన్ఫరెన్స్‌తో పనిలేకపోయింది. 1997 తర్వాత రాష్ట్ర టోర్నమెంటునీ స్కూలు సైజుని బట్టి నాలుగు క్లాసులు చేశారు. దాన్ని బాబీ ప్లంప్ గట్టిగా వ్యతిరేకించారు. అది పెద్ద గొడవైంది, అందరికీ తెలుసు. కాన్ఫరెన్స్‌లు పోయినప్పుడు ఆ గొడవలో పదో వంతు కూడా జరగలేదు.

పెద్దాయన మాత్రం చట్టాన్ని తిట్టలేదు. తను చదివినప్పుడు కెమిస్ట్రీ ల్యాబ్ అంటే ఓ అలమారా అట, కొడుకు కలిపిన స్కూల్లో చదివి ఇంజనీర్ అయ్యాడట. "ల్యాబ్ వచ్చింది, బాగుంది. శుక్రవారం రాత్రి మా ఊళ్లో లైట్లు వెలిగే చోటు పోయింది" అన్నారు. 2022లో ఆంధ్రలో మూడు నుంచి ఐదు తరగతుల్ని హైస్కూళ్లలో కలిపినప్పుడు గేటు ముందు కూర్చున్న అమ్మానాన్నలు టీవీలో కనిపించారు. స్కూలు ఊరికి ఇంకేం ఇస్తుందో లెక్కగట్టే గడి ఇలా స్కూళ్లని కలిపే కాగితాల్లో ఎక్కడా ఉండదు. నాకు కోపం అక్కడే.

సాయంత్రం 350 మీద ఆస్‌గుడ్, అక్కణ్నుంచి 421 మీద వర్సేల్స్. 1954లో మైలన్ చేతిలో ఓడిన ఈ రెండు ఊళ్ల స్కూళ్లూ పాత పేర్లతో లేవు. ఆస్‌గుడ్ వైపువాళ్లు మూడు టౌన్‌షిప్‌ల పేర్లు కలిపి జాక్-సెన్-డెల్ అయ్యారు. వర్సేల్స్, హోల్టన్, న్యూ మేరియన్, క్రాస్ ప్లెయిన్స్ కలిసి సౌత్ రిప్లీ. కొత్త బిల్డింగులు పెద్దవే, పార్కింగ్ ఇంకా పెద్దది.

129 మీద దక్షిణానికి వెళ్తే క్రాస్ ప్లెయిన్స్. కారు నెమ్మదిగా నడిపినా ఊరు ఇట్టే అయిపోయింది. ఆకులు ఊడుస్తున్న ఒకాయన్ని ఆగి అడిగితే, "మా నాన్న ఇక్కడ చదివాడు, నేను సౌత్ రిప్లీ" అన్నాడు. 83-36 సంగతి చెప్పాను. ఆయనకి తెలియదు. కాసేపు ఆలోచించి, "ఆ 36లో మా నాన్నవి కొన్ని ఉండాలే" అని నవ్వాడు. ఈ ప్రయాణంలో నాకు బాగా నచ్చిన మాట అదే.

మ్యూజియంలో పెద్దాయన నాకో పని అప్పగించారు. ఆఖరి ఏడాది వాళ్ల జట్టు కౌంటీ ఫైనల్లో ఒక్క పాయింటుతో ఓడిందని ఆయన, కాదు మూడని భార్య, అరవై ఏళ్లుగా వాదించుకుంటున్నారట. కాన్ఫరెన్స్ పుస్తకాలు ఎవరింట్లో పడి ఉన్నాయో తెలియదు. ఇండియానాపొలిస్‌లో స్టేట్ లైబ్రరీ పాత పేపర్లు దాచింది కదా, వచ్చే నెల వెళ్లి ఆ జనవరి సంచికలు చూస్తానని మాటిచ్చాను. ఆయన ఫోన్‌లో మెసేజ్‌లు చూడరు. ప్రింటు తీసి పోస్టులోనే పంపాలి.